ఆకు రాలిన చైనా గోరింట

పొద్దున పది దాటింది. మేకలు కాసే పోలమ్మ తన మేకను విడిపించుకుపోవడానికి వచ్చి నిలబడింది. గేటుకు లోపల నిలబడ్డ శివపార్వతికి గొళ్లెం తీసే ఉద్దేశమే ఉన్నట్టు లేదు.

“గేటు తియ్యి శివపార్వతమ్మా. నా మేకను తోలుకొని పోతా.”

“ముందు నా చెట్టుకు జవాబు చెప్పు. గిద్దలూరు నర్సరీ నుంచి ఏరి తెచ్చుకున్న చైనా గోరింట. నడుమెత్తు లేదు, వానాకాలమంతా గుత్తులు గుత్తులు పూసింది. దారినపోయేవాళ్లు ఆగి చూసి పోయినారు. ఇప్పుడు ఒక్క ఆకుందా?”

“లేదు.”

“లేదంట! ఎంత నిమ్మళంగా చెప్తాందో. నీ మేక మేసిపోతే యాడుంటది?”

“నా మేక మేయలేదు.”

“నిన్న సాయంత్రం చెట్టు మొదట్లోనే పట్టుకున్నా. నోరాడిస్తాంది. నా కళ్లు పోయినాయా?”

“గేటు తియ్యి, చూపిస్తా.”

“ఆడ్నించే చెప్పు.”

“అట్లనే చెప్తా. చుట్టూ పేర్చినావే పలకరాళ్లు, వాటి సందుల్లో ఏంది అది?”

“ఏముంది, చెత్త.”

“ఆకు! పండి, ఎర్రబడి రాలిన ఆకు. మేక మేస్తే ఆకు కిందేసి పోతదా తల్లీ?”

“ఏవో నాలుగు రాలినాయిలే...”

“కొమ్మల కొసలు చూడు. కాయలు అట్లనే ఉన్నాయి. మేక ముందు కొసనే కొరుకుతది. కొసలు ఉంచి ముదురాకు తినే మేకను నేను పుట్టి బుద్ధెరిగినాక చూల్లా. నువ్వు పట్టుకున్నప్పుడు నా మేక కింద రాలింది ఏరుకుంటా ఉంటది, అంతే.”

“మేకలు కాసుకునేదానివి, నువ్వు నాకు చెట్ల సంగతి చెప్తావా?”

“కాసినందుకే తెలుసు. హనుమంతునిపాడులో బడికాడ ఇట్లాటివి నాలుగున్నాయి. చలికి మోడైతాయి. ఎండలు ముదరకముందే చిగురేస్తాయి. గోటితో కొమ్మ గీకు.”

“ఎందుకు?”

“గీకవమ్మా!”

“...పచ్చగుంది.”

“ఉంటది. చావలేదు కదా. నీళ్లు తగ్గించు, ఎండిన కాయలు కత్తిరించు. ఉగాదికి చిగురు, వానలకు పూలు. నర్సరీవాడు చెప్పలేదా?”

“ఏదో అన్నాడు... చలికి ఆకు రాలుస్తదని... నేను పూలు చూసుకుంటా ఉన్నా.”

“సరే, నా మేకను ఇయ్యి.”

“రేపు రా.”

“రేపేంది? దాని తప్పు లేదని తేలినాక కూడా కట్టేసుకుంటావా?”

“మా ఆయన ఇంట్లో లేడు. వచ్చినాక మాట్లాడదాం.”

“మేకను విప్పేదానికి మీ ఆయన దేనికి? చూలుది అది. దసరాకు కట్టింది. రాత్రి నీళ్లన్నా పెట్టినావో లేదో.”

“చూలుదా?”

“రెండుంటాయి కడుపులో. పోయినసారీ రెండే ఈనింది.”

“నాకెవరు చెప్పినారు!”

“నువ్వెవర్ని అడిగినావు? అవునూ, ఇంతసేపటి నుంచి నా గొంతు విని కూడా అది అరవదేంది? శివపార్వతమ్మా... అది యాడుంది?”

“లోపలికి రా అక్కా. కూర్చో.”

“ఇప్పుడు అక్కనైనానా? గేటెందుకు తీస్తాండావు? మేక యాడుందో చెప్పు!”

“కోపంలో ఏం తోచలేదక్కా. పొద్దున్నే మార్కాపురం కటికాయన ఆటో వస్తే ఎక్కించి పంపినాం.”