పరశురాములు తప్పు లేదు

చొప్పదండి దగ్గరి ఒక ఊరు. ఊరికి చాటింపు వేసే హనుమండ్లు ఇంటికి, నీళ్ల ట్యాంకు చూసుకునే పరశురాములు కూతురు నవ్యశ్రీ వచ్చింది.

“డప్పు సల్లవడ్డది బిడ్డా. మోగది. రేపు సూద్దాం.”

“మంట నేను పెడత, నువ్వు కాగవెట్టు. ఆర్నెల్ల కింద మా బాపు ట్యాంకుల మందు కలపలేదని, గందుకే నీళ్లు పాడై పోరి సచ్చిందని మూడు వాడలల్ల చాటినవ్. గీ కాయితంల ఉన్నది సుత చాటాలె.”

“సచ్చింది నా మనుమరాలు, నవ్యా.”

“ఎరుకే తాతా. గందుకే నీ నోటితోనే ఇనాలంటుండు బాపు. కాయితం సదివి ఇనిపిస్తె మొఖం తిప్పుకున్నడు. నిన్నటికెల్లి ముద్ద ముట్టలే.”

“సర్పంచ్ చెప్పనిది చాటద్దు.”

“అడిగే వచ్చిన. హనుమండ్లు ఒప్పుకుంటె నాకేం లేదన్నడు.”

“ఏమున్నది కాయితంల?”

“కరీంనగర్ సార్లు నీళ్లు పరీక్ష చేసి రాసిండ్రు. బాపును ఎగ్జానరేట్ చేసినమని.”

“అంటె? మాఫీ చేసిండ్రా?”

“మాఫీ తప్పు చేసినోనికి. గిది... తప్పే చెయ్యలేదు, మోపిన నింద తీసేస్తున్నమని.”

“కోర్టుల ఇడిసిపెడతరు సూడు, గట్లనా?”

“కాదు. సాక్ష్యం దొరకక ఇడిసిపెట్టుడు వేరే. దీంట్ల అనుమానం సుత మిగలది.”

“గా మాట ఎవలకన్నా అంటరా? నాకంటరా?”

“ముందుగాల నింద మోసినోళ్లకే అంటరు. నిన్నెవలేమన్నరు తాతా, నీకెందుకు?”

“ఊకెనే అడిగిన. ఊకెనే... తీసేసిన నింద ఏడికి వోతది?”

“గది ఆ మాటల లేదు.”

“లేదా?”

“లేదు. జర లే తాతా, లే. ‘పరశురాములు తప్పు లేదు.’ మూడు ముక్కలు, అంతే. మమ్ముల పెండ్లికి పిలుస్తలేరు, చావుకు పిలుస్తలేరు. ఇగ నాతోని అయితలేదు.”

“మరి నీళ్లెట్ల పాడైనయంట?”

“పైపు పగిలి మోరి నీళ్లు కలిసినయంట.”

“ఏడ పగిలిందంట?”

“నేను... గంత దూరం సదవలే.”

“నీ చేతుల రెండు కాయితాలున్నయి.”

“రెండోది వద్దు తాతా. గది చాటుడు అక్కర లేదు. మా బాపు ముక్క ఒక్కటి చాలు.”

“మా ఇంటి ముంగటనా?”

“డప్పు ఇటియ్యి తాతా, నేనే కాగవెడత.”

“చెప్పు బిడ్డా.”

“మీ ఇంటి ముంగటనే. మీరు బాత్రూం పైపుకు తవ్విన కాడ. తెల్వక జరిగింది తాతా! నిన్నెవ్వలేమనరు. నేను అననియ్య.”

“తెల్వకనా? గడ్డపార దిగంగనే నీళ్లు ఎగజిమ్మినయి. గుడ్డ చుట్టి నేనే మన్ను కప్పిన. గదంత ఎరుకుండంగనే, మీ బాపు పేరు మీద డప్పు కొట్టిన.”