దిబ్బ మీది రంగు

కృష్ణపట్నానికి ఎగువన, ఆమె పుట్టిన పల్లెలో, సముద్రం ఒడ్డున ఉన్న ఇసకదిబ్బ మీద టూరిస్టుల కోసం ఎత్తయిన మంచె కట్టబోతున్నారు. ఆ మంచె నమూనా బొమ్మ రంగులతో సహా గీసింది ఆమే. దిబ్బెక్కి ముందుగా మేనత్తకు చూపించింది.

"మంచె కమ్ములకి ఈ నీలం రంగేంది పాపా? సముద్రంలోంచి చూస్తే కనపడదే!"

"ఇక్కడ నిలబడి సముద్రాన్ని చూసేదానికి కదత్తా. అక్కడినించి దీన్ని ఎవురు చూడాల?"

"మేం చూసేదానికి ఎక్కినామా ఈ దిబ్బ? మా మగోళ్ళకి కనపడాలని ఎక్కినాం. పడవలు తిరిగొచ్చే పొద్దుకి ఎవురి రంగు కోక వాళ్ళు కట్టుకోని నిలబడేవాళ్ళం. మీ అమ్మది బంతిపువ్వు పసుపు. దాన్ని చూసే మీ నాయన పడవ తిప్పేవోడు."

తండ్రి ముఖం ఆమెకు గుర్తులేదు. గాలికి ఎగిరే ఆ పసుపు కొంగు మాత్రం గుర్తుంది.

"తుపానులో నాయన రాకపోయినాక?"

"అప్పుడూ ఎక్కింది, ఆ కోకే కట్టుకోని."

"ఎన్నాళ్ళు?"

"రంగు వెలిసిపోయిందాకా. 'ఇంక ఇది ఆయనకేం కనపడతాదిలే వదినా' అనింది. దిగొచ్చేసింది."

 ఆమె బొమ్మ మీది నీలాన్ని పెన్సిలుతో కొట్టేసింది.

"ఈసారి వెలిసిపోని పసుపు వేద్దాం అత్తా."