యాకూబ్ పెట్టిన దూది

నిన్నమొన్నటిదాక ఎవ్వరి ముందట నోరు తెరిచి చెప్పని మాట ముందే రాసేస్త. ఆ పొద్దు తేనెటీగల పెట్టెకున్న దూది పీకింది నేను. నాకప్పుడు పదేండ్లు. దానికి ఊరు విడిచిపోయింది యాకూబ్ కాక.

యాకూబ్ కాక దూది ఏకి పరుపులు కుట్టేటాయన. దానితోటి ఇంకో విద్య ఉండె ఆయనకు. ఇండ్లల్ల పట్టిన తేనెటీగలను కాల్చకుంట, చంపకుంట పెట్టెల పెట్టి దూరం తీస్కపోయి విడిచేటోడు. తెలంగాణ కొట్లాట గట్టిగ నడిచిన దినాలు, సమ్మెకు బడులు బందున్న దినాలు. కొడకండ్ల దగ్గర మా ఊర్ల జరిగింది ఇది.

వారం కింద మా ఇంట్ల సజ్జ మీదున్న పాత చెక్కపెట్టెల తేనెటీగలు పట్టినయి. ఆదివారం మందు కొట్టేటోన్ని పిలుస్తనన్నడు మా అన్న. వద్దు, నేను చూసుకుంట అని చెప్పిన. చూసుకునుడంటే యాకూబ్ కాకను పిలుసుడే, నాకు తెలుసు. యాకూబ్ కాక ఇప్పుడు మానుకోటల ఉంటడు. రెండేండ్ల కింద ఆడికి పోయినప్పుడు ఆయన దుకాణం బోర్డు మీది నంబరు రాసుకొచ్చిన. ఒక్కపారన్న కొట్టలే. "ఎవల బిడ్డవమ్మా?" అని అడిగితే ఏం చెప్పాలె?

ఫోన్ చెయ్యలేక మా వాడకట్టు ఎల్లవ్వ ఇంటికి పోయిన. అప్పుడు ఈగలు పట్టింది ఎల్లవ్వ ఇంట్లనే. అరుగు మీద కూసోని చిక్కుడుకాయలు ఒలుస్తుంది. నా ఫోన్ల రికార్డింగ్ పెట్టి పక్కకు కూసున్న.

"అవ్వా, యాకూబ్ కాక మీ ఇంట్ల ఈగలు ఎట్ల తీసిండే?"

ఇగ ఆమె చెప్పింది చెప్పినట్టే రాస్తున్న. మీ తాత అన్నకాడల్ల ఆమె పెనిమిటే, మా సొంత తాత కాదు.

* * *

ఏందే, ఇన్నేండ్లకు యాదికొచ్చిండా వాడు? కూసో. ఆ చాట ఇటు జరుపు. మా ఇంట్ల అంటె ఇంట్ల కాదే, గుమ్మిల. గుమ్మి నీకెర్కేనా? తడక మనిషెత్తు గుండ్రంగ అల్లి, పెండ పూసి, వడ్లు పోసుకునేటోళ్లం. మా అత్త అల్లిచ్చింది అది. దంతాలపల్లి మనిషి మా అత్త. నోరు పెద్దది గని చెయ్యి గూడ పెద్దదే, ఇంటికొచ్చినోళ్లకు బువ్వ పెట్టకుంట పంపకపోయేది. ఆమె చేతి పచ్చిపులుసు తిన్నోడు... ఆఁ, ఏం చెప్తున్న? గుమ్మి.

ఆ యేడు బోరు ఎత్తిపోయింది. వడ్లు లేవు. గుమ్మి ఖాళీగుంటె ఎలుక చేసిన తొర్రలకెల్లి దూరినయి ఈగలు. తేనెపెర పెట్టినయి. ఒక్క పెర గాదు, ఏడో ఎనిమిదో, పక్కపక్కకు రొట్టెలు యాలాడదీసినట్టు. గుమ్మి మీద చెయ్యేస్తె, సూడి బర్రె పొట్ట మీద చెయ్యేసినట్టే ఉండేది. ఎచ్చగ. లోపల సప్పుడు.

మీ తాత సంగతి నీకెర్కే గద. గడ్డి కాలబెట్టి పొగ పెడత, సస్తయి అన్నడు. గడ్డిమోపు గూడ తెచ్చిండు. గప్పుడే వచ్చిండు యాకూబు, పరుపుకు కొలత తీస్కపోదామని. కాదు కాదు, పరుపు గాదు, తల కింద మెత్తలు. మెత్తలే. మా చిన్నబిడ్డ పురిటికొచ్చె గద గప్పుడు. వచ్చి మీ తాతను సూసి, "బావా, ఏంది గిది? సూరు కింద మంటా? ఈగల కంటె ముందు నీ ఇల్లే పోతది" అన్నడు. మీ తాతకు కోపమొచ్చింది. "అయితె నువ్వే తియ్యిరా, నీ అత్తగారిల్లే అనుకో" అన్నడు. వాడు నవ్వి, "మా అత్త ఇన్ని మాటలు పడేది కాదు, ఈగలు నయం" అన్నడు.

పొద్దు వంగినంక మొదలుపెట్టిండు. మొఖానికి దోమతెర ముక్క కట్టుకున్నడు. చేతులకేం లేదు. చేతులకు తొడుగులేసుకోరాదురా అంటె, "తొడుగుంటె మెల్లగ పట్టుకున్ననో గట్టిగ పట్టుకున్ననో నాకే తెల్వదక్కా" అన్నడు. పిడక పొగ రెండుమాట్ల ఊదిండు, అంతే. గుమ్మిని పక్కపొంటి కోసి, పెర ఒక్కొక్కటే ఊడదీసి, పిల్లలున్న పెరలను కట్టె చట్టంల పెట్టి పరుపులు కుట్టే దారంతోని కట్టిండు. చంటిపిల్లకు మొలతాడు కట్టరా, గట్ల. ఈగలను దోసిట్ల తీసి పెట్టెల పోస్తుంటె వడ్లు పోసినట్టే పడ్డయి. తల్లీగ దొరికేదాక మాత్రం ఒక్క ముచ్చట మాట్లాడలే. అది పెట్టెలకు పోయిందో లేదో, బయటున్నయన్ని దాని ఎనుకనే పోయినయి. ఎగురలే బిడ్డా, నడుసుకుంట పోయినయి, బారు కట్టి. నా కండ్లతోని సూసిన. మా ఇంట్ల పెండ్లికి గూడ గంత బుద్ధిగ నడువలే మనుషులు.

తేనె సగం ఆటికే ఉంచిండు. మీ తాత లొల్లి పెట్టుకున్నడు, మా గుమ్మిల తేనెరా అని. వాడేమన్నడంటె, "బావా, ఇల్లెట్లనో కూలగొట్టినం, బువ్వ గూడ గుంజుకుంటమా?" అన్నడు. పైసలియ్యబోతె తీస్కోలే వాడు. నా పెండ్లప్పుడు వాళ్ల నాయిన పరుపు కుడితె రెండు రూపాలు, ఒక పూట బువ్వ. సూది సుత ఇడిసిపెట్టి పోయేటోడు, మల్లొచ్చి తీస్కుంటననుకుంట. మంచోళ్లు ఆళ్లు. ఇంటిల్లిపాది గంతే.

సరే. దీపాలు పెట్టే యాళ్లకు ఈగలన్ని లోపటికి చేరినయి. పెట్టె నోట్లె దూది కుక్కిండు. గాలాడ్తదట, ఈగ ఎల్లదట. మబ్బుల, కోడి కూయకముందే లేసి సైకిల్ మీద కట్టుకొని రెండూర్లవతల మామిడితోటల ఇడుస్తనన్నడు. దగ్గర ఇడిస్తె మల్ల మా గుమ్మికే వస్తయట. తొవ్వ మర్వయట ముండలు.

తెల్లారితె బందు. వంటావార్పు. గది నువ్వు సూసినవ్ గద, చిన్నదానివి గని సూసినవ్. మా ఇంటి ముందట రోడ్డు మీదనే మూడు రాళ్ల పొయ్యిలు, ఈ కాడికెల్లి ఆ కాడిదాక. ఎవలింటి బియ్యం ఆళ్లు తెచ్చుకున్నరు. తండకెల్లి లంబాడోళ్లు రొట్టెలు తెచ్చిండ్రు, సాయిబులు పప్పు తెచ్చిండ్రు. ఏ గంజుల ఎవ్వలు వండిన్రో ఎవ్వలు తిన్నరో తెల్వలే ఆ పొద్దు. మబ్బులనే బండ్లు అడ్డం పెట్టిండ్రు. సైకిల్ గూడ పోనియ్యలే. యాకూబు బతిమిలాడిండు, గివి ఈగలన్నా, దూరం తీస్కపోవాలె అని. ఇనలే ఎవ్వలు. "ఈగలకు తెలంగాణ వద్దా?" అని ఒగడు, అందరు నవ్వుడు. వాడు గూడ నవ్విండు.

మా వాకిట్ల పెట్టె దింపి, "ఎల్లక్కా, పొద్దుమీకి, బందు అయిపోయినంక తీస్కపోత, ఎవ్వల్ని ముట్టనియ్యకు" అన్నడు. దూదిని బొటనవేలితోని ఒత్తి ఒత్తి సూసిండు. ఇంటికి పోయి సోలెడు బియ్యం తెచ్చి మా ఇంటెదురుంగ దీక్ష టెంటు కాడ కూసున్నడు. జై తెలంగాణ అంటె వాని గొంతే ముందు లేసేది. సాయంత్రానికి గొంతు పోయి సైగలు చేసేటోడు, మల్ల తెల్లారి అదే అరుపు.

ఎసర్లు మసులుతున్నయి. పొగ కమ్ముకున్నది. ఒక్కపారి లేసినయి బిడ్డా. ఈగలు. ఉరికిండ్రు ఇగ, గంజులు బోర్లపడ్డయి, ఉడికీ ఉడకని బువ్వ రోడ్డు పాలు. మీ తాతకు మోకాళ్లు, ఉరుకలేడు. కూసున్నకాడనే కూసున్నడు, మొఖం నిండ ఈగలే, మొఖం కనవడుతలే. యాకూబు అంగి ఇప్పి మీ తాత మొఖం మీద కప్పి, మీద పండిండు. వాని ఈపు సూస్తె... వద్దులే. బస్సులు లేవు. ట్రాక్టర్ మీద జనగామ దవాఖానకు తీస్కపోయినం మీ తాతను. మూడొద్దులున్నం. బతికిండు. ఆ తర్వాత ఆరేండ్లు బతికిండు, ఈగలకైతె పోలే.

నేను దవాఖానల ఉంటె ఊర్ల మాట పుట్టింది. యాకూబు ఆంధ్ర కంట్రాక్టరు మనుషులకు పరుపులు కుట్టిండు గద. నిజమే, కుట్టిండు, వాని పని అది, ఎవలు పండుకుంటరో అడిగి కుడ్తరా? గాళ్ల దగ్గర పైసలు తీస్కొని వంటావార్పు మీదికి ఈగలు ఇడిసిండని. ద్రోహి అని. నేనొచ్చిన తెల్లారే టెంటు కాడ కూసోబెట్టిండ్రు వాన్ని. "ఎంత తీస్కున్నవ్?" అని అడిగిండు ఓ పెద్దమనిషి. ఈపంత ఉబ్బి అంగి గూడ ఏసుకోలేడు, తువ్వాల కప్పుకొని నిలవడ్డడు. "దూది పెట్టింది నేనే. గట్టిగ పెట్టలేదు గావచ్చు. తప్పు నాదే. పైసల మాట మాత్రం అనకుండ్రి" అన్నడు.

నీ కన్ను గూడ ఉబ్బె గద బిడ్డా? నిన్ను నడిమిట్ల నిలవెట్టి, "గీ చిన్నపొల్ల కన్ను సూడుండ్రి" అని సూపెట్టిండ్రు. యాదికున్నదా?

(ఉన్నదవ్వా, అన్న నేను.)

ఉంటది. ఎందుకుండదు. నువ్వు ఏడ్సినవ్ గూడ. వాడు నీ దిక్కు సూసి, "సున్నం రాయిండ్రమ్మా పిల్లకు" అన్నడు. గంతే.

పరుపులు కుట్టిచ్చుకుంట లేరు ఇగ. పిల్లలు వాని సైకిల్ ఎనుక ద్రోహి ద్రోహి అని ఉరికేటోళ్లు. ఆ యేడే మానుకోటకు పోయిండు, పెండ్లాం పిల్లలను తీస్కొని. ఎవ్వలు ఆగుమనలే. నేను గూడ అనలే.

మల్ల తెలంగాణ వచ్చిన పొద్దు వచ్చిండే వాడు. ఊర్లె డప్పులు, రంగులు, మీ తాత గూడ ఎగిరిండు ఆ మోకాళ్లతోని. వాడు బడి గోడ కాడ నిలవడ్డడు. తెల్లంగి ఏసుకొని. తెల్లంగి ఎందుకేసుకుంటరు ఆ పొద్దు? ఎవలన్న రంగు పూస్తరనే గద. ఎవ్వలు పూయలే. నేను సూసిన. నా పిడికిట్ల గులాలున్నది. పది అడుగులు గూడ లేదు బిడ్డా. అందరు సూస్తరని పోలే. జరసేపుండి సైకిల్ ఎక్కి పోయిండు, అంగి తెల్లగనే ఉన్నది. నా పిడికిట్ల రంగు చెమటకు తడిసి అట్లనే ఉన్నది.

ఎందుకు పోలేనో చెప్తె నువ్వు నవ్వొద్దు. ఆ దూది ఊడింది నా వల్లనే. ఎవ్వలకు చెప్పలే నేను, మీ తాతకు గూడ. ఆ పొద్దు పొగ అటు కొడ్తుందని పెట్టెను జర గోడ దిక్కు జరిపిన. ముట్టకు అన్నడు గద వాడు. ఈ చేతులతోనే జరిపిన. గప్పుడే వదులైంది గావచ్చు. వాడేమో తప్పు నాదే అని అందరి ముందట నిలవడె. నేను ఇంట్ల తలుపు సాటుకు నిలవడితి. ఇగో, ఇన్నేండ్లసంది బువ్వ కలుపుకుంట ఈ చేతిని సూసుకుంట. మా అత్తకున్నంత నోరుంటె...

* * *

రికార్డింగ్ల ఆడ నా గొంతున్నది. "అవ్వా, నువ్వు జరిపితె ఊడలే. నేను పీకిన. లోపల సప్పుడు ఇనవడుతుంటె సూడాలనిపిచ్చి, చీపురు పుల్లతోని పీకిన. మొదటి ఈగ నా కన్ను మీదనే కుట్టింది. ఉరికి ఇంట్లకు పోయిన. తర్వాత అందర్నీ కుట్టినయి గదా, నన్నెవ్వలు అడగలే."

ఎల్లవ్వ చిక్కుడుకాయ పట్టుకొని ఒల్వకుంట నా కన్ను దిక్కే సూసింది.

"నువ్వా?" అన్నది. మల్ల, "నువ్వా పోరీ?"

కొడతదనుకున్న. చేతిల ఉన్న చిక్కుడుకాయ నా మీదికి ఇసిరింది. కండ్లల్ల నీళ్లొచ్చినయి ఆమెకు, కొంగుతోని తుడుసుకున్నది. "నేను జరిపినప్పుడు ఊడలేదన్నట్టు," అనుకున్నది తనల తనే. రెండుమాట్ల అనుకున్నది.

"అవ్వా, తిట్టు."

"పదేండ్ల దానివి, సూడాలనిపిచ్చింది, సూసినవ్. దానికి ఏం తిడతనే? కన్ను సూపెట్టిన పొద్దు గూడ భయపడ్డవ్, సరే. మరి ఇరువై ఏండ్లొచ్చినంక ఏమైందే నీకు? దినాం ఏందో రాస్తవట గద, మీ అమ్మ చెప్పింది, దస్తాలకు దస్తాలు రాస్తుందని. గిది ఎవలకు రాస్తున్నవ్?"

కింద పడ్డ చిక్కుడుకాయ ఏరి చాటల ఏసిన.

"నాకు చెప్పినవ్, నా బరువు దిగింది. సల్లగుండు బిడ్డా, నీ కడుపు సల్లగుండ. మరి వానిదో?"

చాట ఎత్తుకొని లోపటికి పోయింది. పోయేటప్పుడు తలుపు కాడ ఆగి, "నేను గూడ మాట్లాడ్త అని చెప్పు వానికి. గులాల్ సంగతి నేనే చెప్పుకుంట, నువ్వు చెప్పకు" అన్నది.

ఆ అరుగు మీదనే కూసున్న. ఎదురుంగ ఆ రోడ్డే, ఇప్పుడు డబుల్ రోడ్డైంది, బస్సులు పోతున్నయి. రికార్డింగ్ ఆపి, మానుకోట నంబరు తీసిన. సజ్జ మీది ఈగల సంగతి ముందు మాట్లాడుదాం, మెల్లగ చెప్పొచ్చు అనుకున్న ఇన్ని దినాలు. ఈగల మాట ముందుపెడితె ఆయన సైకిలో బండో ఎక్కి వస్తడు, వచ్చి చేతులకు తొడుగు లేకుంటనే మా ఈగలు తీస్తడు, నాకు నోరు రాదు. ఎవల బిడ్డవమ్మా అని అడగకముందే పేరు చెప్త. పేరు తర్వాత దూది. సజ్జ మీది ఈగల మాట ఆఖరుకు, ఆయన ఇంక మాట్లాడితెనే.

చేస్తున్న.