ఉప్పు కొట్టు వెనకాల నుయ్యి

ఏరు సముద్రంలో కలిసే మొగలో పాత ఉప్పు కొట్టు వెనకాల పాడు నుయ్యి ఉంది చూశారూ, మేకలు తోలుకెళ్ళేవాళ్ళు కూడా చుట్టూ తిరిగి పోతారే, ఎందుకనుకున్నారర్రా? నీళ్ళు లేకా? నీళ్ళు అప్పుడూ లేవు. చెబుతాను, ఆ చివరున్నవాళ్ళు ఇటు జరగండి.

అది కంపెనీ దొరల కాలం. రెండేళ్ళు వానల్లేక జనం ఆకులు ఉడకేసుకు తింటున్నారు. అప్పుడు చెంగప్పని ఒకడు, ఓడల దొరలకి దుబాసీ, గంజి పోస్తానని ఆకలిగొన్నవాళ్ళని ఈ కొట్లోకి పిలిచేవాడు, పిలిచి తలుపులు మూసేవాడు, ఆ తర్వాత ఓడొస్తే ఎక్కించి ఎక్కడో దీవుల్లో చెరుకు తోటలకి అమ్మేసేవాడు. వెళ్ళినవాళ్ళలో ఒక్కరైనా తిరిగొచ్చారా? నూకాలని ఒక జాలరి మనిషి, మొగుడు పోయాడు, కూతురు పైడిని వెంటబెట్టుకుని ఆ గంజికే వచ్చి చిక్కుకుంది. చెంగప్ప నూకాల్ని వంటకి పెట్టుకున్నాడు.

ఇంతలో మనుషుల్ని ఓడలకి అమ్మడం నేరమని దండోరా వేశారు. వేస్తే? వాడు మానలేదు. ఒకనాడు పట్టపగలు సిపాయిలు సోదాకొస్తున్నారని తెలిసి, పైడితో సహా తొమ్మిదిమందిని ఆ ఎండు నూతిలోకి దింపి, పైన పలకలు పరిచి, వాటి మీద ఉప్పు గోనెలు పేర్చాడు.

"నోరు విప్పావో, నీ కూతుర్ని పైకి తియ్యను," అన్నాడు నూకాలుతో.

జమేదారు వచ్చి, ఇక్కడ ఇంకెవరైనా ఉన్నారా అని అడిగాడు. నూకాలు లేరంది. మరేమనగలదు, చెప్పండి? సిపాయిలు తీరిగ్గా చుట్టలు కాల్చుకుని, పొద్దువాలాక గానీ కదల్లేదు. గోనెలు తీసి చూస్తే తొమ్మిదిమందికీ ఊపిరాడక ప్రాణాలు పోయాయి.

ఇసక పోయించేద్దాం, నువ్వు నీ దారిన పో అన్నాడట చెంగప్ప. నూకాలు ఏడవలేదు. "ఎవరో కదులుతున్నారయ్యా, చూడు," అంది. వాడు వంగాడు. తోసేసింది. తోసి, పలకలు మళ్ళీ పరిచి, గోనెలు ఒక్కొక్కటే ఈడ్చి పేర్చి, వాటి మీద రెండు రోజులు కూచుంది. మూడోనాడు తనే ఠాణాకి పోయి అంతా చెప్పింది. ఏం శిక్ష వేశారో తెలీదు గానీ, ముసలిదై తిరిగొచ్చి ఈ రేవులోనే ఎండుచేపలు అమ్మింది. మా తాతమ్మ చూసింది. పిల్లల్ని దగ్గరికి రానిచ్చేది కాదట.

ఆ తొమ్మిదిమందీ ఎవరినీ ఏమీ అనరు. ఆ చెంగప్పే, లోపల్నించి, దాహమమ్మా అంటాడు, పలక తియ్యమంటాడు, మీ ఇంట్లోవాళ్ళ గొంతుతోనే అంటాడు. ఇద్దరు తీశారు. ఇద్దరినీ మనవాళ్ళే పాడె మీద మోశారు.

అటు పోకండి. జాలిగుండె వాళ్ళు అసలే పోకండి.