కంటిచుక్కలకూ ఐరాల బస్సుకూ నడుమ: డాక్టర్ షేక్ సబియా గారి అన్వేషణ

1995 ఆగస్టు పదహారవ తేదీ ఉదయం చిత్తూరు బస్సు దిగి, తిరుపతిలోని మా బోధనాసుపత్రి నేత్రవిభాగంలో సహాయాచార్యులుగా బాధ్యతలు స్వీకరించిన డాక్టర్ షేక్ సబియా గారు ఈ నెలాఖరున ఆచార్య పదవి నుంచి విరమిస్తున్నారు. ఇన్నేళ్ల సేవాకాలంలో వారు చేసిన శస్త్రచికిత్సలను, తీర్చిదిద్దిన శిష్యులను కొనియాడడానికి ఈ సంచికలో పుటలు చాలవు. అందుచేత, వారిని విడవకుండా వెంటాడిన ఒక్క ప్రశ్న వెంబడి నడిచి, ఆ దారిలో వారిని దర్శించే ప్రయత్నం ఇది.

చిత్తూరు బజారులో లుంగీలు, తువ్వాళ్లు అమ్మే కుటుంబంలో పుట్టిన సబియా గారికి, బేరానికి వచ్చిన మనిషి ముఖం చూసి మనసులోని మాట పసిగట్టే నేర్పు తండ్రి నాయబ్ రసూల్ గారి అంగట్లోనే అబ్బింది. ఉద్యోగంలో తొలి సంవత్సరాలు శుక్లాల శస్త్రచికిత్సలతోనూ పల్లెల్లో కంటి శిబిరాలతోనూ గడిచాయి. ఎవరైనా "మసక" అంటే చాలు, ఎప్పటి నుంచి, ఏ మూల, ఎండలోనా నీడలోనా అంటూ వారి ఆరా మొదలయ్యేది. "మేడమ్ కన్ను చూస్తా ఉండారా, పెండ్లి సంబంధం విచారిస్తా ఉండారా?" అని నర్సు రెబెకా గారు ఆటపట్టించేవారు.

2009లో రంజాన్‌బీ అనే ఆమె చూపు మందగించి వచ్చారు. ఆమెకు మధుమేహమూ ఉంది, కాలేయ క్యాన్సరూ ఉంది. మధుమేహం కంటిని దెబ్బతీయడం మనకు నిత్యం కనిపించేదే కనుక, అందరూ ఆ మసకను షుగరు ఖాతాలోనే వేశారు. కాలేయంలోని రోగం నెత్తురు వెంట ప్రయాణించి కంటి వెనుక పొరలో స్థిరపడిందని తెలిసేసరికి ఆ చూపు దక్కే దశ దాటిపోయింది. ఇది చాలా అరుదైన పరిణామం. అయినా రంజాన్‌బీ కూతురు అడిగిన మాట సబియా గారి చెవుల్లో నిలిచిపోయింది: "అది కంట్లోకి పోతాదని ముందే తెలుసుకునేదానికి దావ లేదా మేడమ్?"

ఆ దావను, అంటే దారిని, వెదకడమే తదుపరి సంవత్సరాల వ్రతమైంది. మధుమేహమున్న కాలేయ క్యాన్సరు రోగులకు ఎటూ తీసే రక్తపరీక్షల అంకెల్లోనే, రోగం కంటివైపు మళ్లుతోందన్న సూచన ఏదైనా ఉండవచ్చునా? క్యాన్సరు విభాగపు డాక్టర్ రఘునాథ్ గారు తోడయ్యారు. కంటికి రోగం పాకినవారి అంకెలను, పాకనివారి అంకెలను పక్కపక్కన పెట్టి, ఎవరికి ప్రమాదం ఎక్కువో చెప్పే ఒక సూత్రాన్ని ఇద్దరూ ఓపికగా అల్లుకొచ్చారు. అయితే అందులో ఒక వింత బయటపడింది. కంట్లో రోగం కనిపించినవారంతా తిరుపతి పట్టణవాసులు. పల్లెలవారిలో ఒక్కరూ లేరు.

"పల్లె నీళ్లలో ఏదో మహిమ ఉండాది మేడమ్," అన్నారు రఘునాథ్ గారు. "లేకుంటే బెల్లమేమో!"

"బెల్లం తిని షుగరోళ్లు బాగుపడేటట్టయితే, ఆసుపత్రికి తాళమేసి అందరం ఇండ్లకు పోదాం లేప్పా."

నవ్వి ఊరుకోవడం సబియా గారి స్వభావం కాదు. రోగుల మధ్య బల్ల మీద కూర్చుని గమనించారు. కంటిపాపను పెద్దది చేసే చుక్కలు వేస్తే కొన్ని గంటల పాటు వెలుగు గుచ్చుకుంటుంది, చూపు చెదురుతుంది. ఆ స్థితిలో బస్సులు మారి ఊరు చేరలేమని పల్లెలవారు చుక్కలు వద్దంటున్నారు. మా కుర్ర వైద్యులు చిన్నదిగానే ఉన్న కంటిపాపలోంచి నడిమి భాగం మాత్రం చూసి, కన్ను బాగుందని రాసి పంపుతున్నారు. రోగం లేదని ఎంచిన కళ్లలో అనేకం అసలు పూర్తిగా చూడని కళ్లు! సూత్రానికి పునాది అక్కడే గుల్లగా ఉంది.

సరిగ్గా ఆ వారమే ఐరాల నుంచి సుబ్బన్న గారు వచ్చారు. బెల్లం వండే రైతు; మధుమేహమూ కాలేయ క్యాన్సరూ రెండూ ఉన్నవారు. ఎడమ కన్ను వయసులో ఉండగానే చెరకు ఆకు కోసుకుని పోయింది. కుడి కన్ను బాగుందని పాత చీటీ చెబుతోంది, రక్తపు అంకెలు మాత్రం ప్రమాదమంటున్నాయి. మిగిలిన ఆ ఒక్క చూపు నిలుస్తుందా, పోతుందా అన్నది చుక్కలు వేస్తే గానీ తేలదు.

"ఉండేది ఒగటే కన్ను తల్లీ. దాన్నీ మసక చేస్తే చిత్తూర్లో బస్సు మారేదెట్ల? కాలవలో పడితే నువ్వొచ్చి తీస్తావా?"

"ఈ పొద్దు ఈడే పండుకో. రేప్పొద్దున పోదువు."

"ఆడ గానుగ ఆడతా ఉండాది. పాకం సూసేటోడు నేనే."

"సరే, నేనే వస్తా. మీ ఇంటి వాకిట్లో దించి పోతా."

సుబ్బన్న గారు రెబెకా గారి వైపు తిరిగారు. "ఈయమ్మ నిజంగా డాక్టరేనా?"

"ఒక్కోసారి మాకూ అనుమానమేన్నా. కన్ను తెరువు."

చుక్కలు వేసి చూస్తే, చూపుకు కీలకమైన నడిమి భాగానికి దూరంగా, ఒక అంచున, పాలిపోయిన పసుపు రంగులో చిన్న ఉబ్బు కనిపించింది. అది కాలేయం నుంచి పాకిన రోగమేనని స్కానింగు ధ్రువపరిచింది. సబియా గారు విషయం దాచకుండా చెప్పి, చెప్పిన మాట ప్రకారం ఆయన చెయ్యి పట్టుకుని బస్సెక్కారు. కాణిపాకం దాటాక ఆయన అడిగారు.

"చూపు పోతాదా?"

"తొందరగా పట్టినాం. కరెంటు పెడితే నిలవొచ్చు. మాటియ్యలేను."

"లివరు?"

"అది వేరే కత సుబ్బన్నా. కన్ను నిలిచినంత మాత్రాన అది నయం కాదు."

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరారు. చెరకు రసం కాగే పెద్ద పెనం దగ్గర ఉన్న భార్య చంద్రకాంతమ్మ గారు తల ఎత్తి, "ఏమయ్యా, ఈ వయసులో ఎవురి చెయ్యి పట్టుకోనొస్తా ఉండావు?" అన్నారు.

"కండ్ల డాక్టరమ్మే. నన్ను నీకు అప్పజెప్పేదానికి వచ్చింది."

"అప్పజెప్పేది కాదమ్మా, అడిగేదానికి వచ్చినా," అన్నారు సబియా గారు. "సోమవారం నుంచి ఈయన్ని మాకియ్యండి. పాకం మీరు సూసుకోండి."

పల్లెల్లో కరెంటు అనే రేడియేషన్ చికిత్సతో ఆ ఉబ్బు అణగింది. చూపు నిలిచింది. మరుసటి ఏడాది కాలేయమే ఆయనను తీసుకుపోయింది. చంద్రకాంతమ్మ గారు ఫోను చేసి చెప్పిన మాటలు విభాగంలో మేమంతా విన్నాం: "పోయే ముందు దినం కూడా పెనం కాడ కూసోని, రంగు సూసి, 'దించండి' అన్నాడు మేడమ్. సరిగ్గానే అన్నాడు."

ఒక్క సుబ్బన్న గారి కంటితో తమ సూత్రం రుజువైందని సబియా గారు ఏనాడూ చెప్పుకోలేదు. సగం చూసిన కళ్ల వివరాలన్నింటినీ పక్కనపెట్టి, పని మళ్లీ మొదటి నుంచి ఆరంభించారు. సాయంత్రం బస్సు వేళకు మసక తగ్గేలా దూరపు ఊళ్లవారికి తెల్లవారగానే చుక్కలు వేసే వరుస వారు పెట్టిందే. కొత్త లెక్కలో సూత్రం బలం తగ్గింది. అది హెచ్చరించిన కళ్లలో చాలావాటిలో ఏమీ లేదు. ఆ సంగతినీ అంతే పెద్ద అక్షరాలతో ప్రకటించారు. "అంకె తీర్పు కాదు, కన్ను పూర్తిగా చూడమని చెప్పే మాట, అంతే" అన్నది వారు శిష్యులకు నేర్పిన పాఠం.

పోయిన వారం కూడా రఘునాథ్ గారిని నడవాలో నిలేసి, "అంతంత అంకెలుండీ ఆ కండ్లని రోగం ఎందుకు వదిలేసిందప్పా?" అని అడగడం విన్నాం. జవాబు ఇంకా ఎవరి దగ్గరా లేదు. భర్త ఆఫ్తాబ్ గారితోనూ బిడ్డలతోనూ సబియా గారు సంపూర్ణారోగ్యంతో, తరగని ఉత్సాహంతో, నిండైన ఆయుస్సుతో వర్ధిల్లాలని మా విభాగం మనసారా కోరుకుంటున్నది; ఆ జవాబు దొరికిన నాడు మొదట వినేది వారే కావాలనీ, విన్న మరుక్షణం "సరేగానీ..." అంటూ వారు మరో ప్రశ్న వేయాలనీ మా ఆకాంక్ష.