మల్లప్ప చూపెట్టిన జపాన్

అచ్చంపేట బస్టాండు ఎదురుంగ బషీర్ చాయ్ హోటలున్నది. పొద్దుగూకంగ ఆడ మాట్లాడే హక్కు ఇరవై ఏండ్ల సంది మల్లప్పది. గొర్ల మందను తోలుకొని నల్లమలంత తిరిగినోడాయె, కృష్ణ దాటి ఆవలి జిల్లాలు గూడ చూసినోడాయె, చిరుతపులి తన కాడ బీడీ అడిగి తాగిన ముచ్చట చెప్తాంటె చాయ్‌ల ఈగ పడ్డా ఎవ్వడు చూసుకునేటోడు కాదు. గసొంటి మల్లప్ప ముంగట వారం దినాల సంది ఎవ్వడు కూసుంటలేడు. ఎందుకంటె వాళ్ల అక్క లక్ష్మీనర్సమ్మ బిడ్డ పుష్ప జపాన్‌కెల్లి వచ్చింది. హైదరాబాదుల ఆ దేశపు భాష చదివే పిల్ల, ఏడాది పొద్దు ఆడనే ఉండి నేర్చుకున్నది. సెలవు దొరికినప్పుడల్ల ఊర్లు చూసిందట. ఇగ ఎవల నోట విన్నా పుష్ప ఎక్కిన రైలు, పుష్ప చూసిన కొండ. సొంత మేనకోడలే గని, పిల్ల జపాన్ పోయిన నాటి సంది మల్లప్పకు కడుపుల మిరపకాయ నూరినట్టుండె. నేను తిరిగినయి ఊర్లు కావా, నా కాళ్లు కాళ్లు కావా అని పండుకుంటె నిద్ర పడ్తలేకుండె.

ఆ దినం ఆటో నడిపే నాగేందర్ కూసోంగనే అదే ముచ్చట ఎత్తుకున్నడు. "బషీర్ భాయ్, పుష్ప ఫోటోలు చూసినవా? దిక్కు తెల్వని దేశంల పిల్ల ఒక్కతే ఎట్ల తిరిగిందో ఏమో!"

"ఒక్కతే ఏందిర?" అన్నడు మల్లప్ప. అనాల్నని అనలేదు, కడుపుల మంటే నోట్లెకెల్లి ఎల్లింది. "తిప్పింది ఎవడనుకున్నవ్? నేను గాదా?"

"నువ్వెప్పుడు పోయినవ్ కాక? మొన్న నాగర్‌కర్నూల్ పోయొస్తనే బస్సు తప్పి నా ఆటోల వస్తివి!"

"పోవుడెందుకుర, ఫోను లేదా?" అని మల్లప్ప జేబులకెల్లి ఫోను తీసి బల్ల మీద టప్పుమని పెట్టిండు. "పోయిన కొత్తల పిల్ల పెద్ద స్టేషన్ల ఆగమైంది. ఎటు చూసినా దార్లే, ఎటు చూసినా జనమే. నాకు ఫోన్ జేసి, మామా ఏ రైలెక్కాల్నో తెలుస్తలేదు అన్నది. ఫికర్ జెయ్యకు బిడ్డా, ఫోను పైకి లేపి జర సుట్టు తిప్పు అన్న. తిప్పింది. నేను గీ బల్ల మీదనే, గీ జాగలనే ఉన్న. మందల ముందు గొర్రె ఎటు పోతె కడమయన్ని అటే పోతయి గద, ఆ మందిల ముందు పోయేటోడెవడో ఎతికి పట్టి, గా నల్లకోటాయన ఎంబడి పో అన్న. పోయింది, రైలు దొరికింది. గంతే."

"గిది జర నమ్మొచ్చు," అన్నడు బషీర్ చాయ్ వడవోస్తు.

ఆ మాటకు మల్లప్ప పానం లేసొచ్చింది. గని నాగేందర్ ఊకుంటడా? "రైలుదేమున్నది కాక! ఆడ ఒక ఊర్ల జింకలుంటయట, బిస్కెట్ చూపెడ్తె తల వంచి దండం పెడ్తయట. పుష్ప తీసిన ఆ వీడియో మా ఇంటామె మళ్ల మళ్ల చూసి ఒకటే నవ్వుడు."

మళ్ల మళ్ల చూసిందట! చిరుతపులి ముచ్చట చెప్పవోతె గదే ఇంటామె పొయ్యి మీద కూర మాడుతాందని లేసిపోయింది. మల్లప్ప చాయ్ గిలాస పక్కకు జరిపిండు.

"దండం గా పిల్లకు పెట్టినయనుకున్నవా? జింకలన్ని బిస్కెట్ల కోసం మీద పడ్డయి, సంచి గుంజుతున్నయి, పిల్ల లబలబ మొత్తుకుంటాంది. స్పీకర్ పెట్టు బిడ్డా అన్న. నాలుక మడిచి ఈడికెల్లి ఒక్క ఈల ఏసిన. ఊరు ఊరంత నిశ్శబ్దం! ఉన్న జింకలన్ని మోకాళ్ల మీద కూసున్నయి. ఆ తర్వాత ఏమైందో ఎర్కనా? తెల్లారి ఆ ఊరి పెద్దలే ఫోన్ల లైనుకొచ్చిండ్రు. అయ్యా, నీ ఈల వినందే మా జింకలు మేతకు కదుల్తలేవు అన్నరు. ఇగ ఏం జేస్త, రోజు తెల్లారగట్ల లేసి ఈడికెల్లి ఈల, ఆడ జింకలు మేతకు. ఒకదానికి కాలు గుంజితె ఏ ఆకు కట్టాల్నో గూడ నేనే చెప్పిన."

"ఆ జింకలకు తెలుగొస్తదా మల్లన్నా?" అన్నడు బషీర్.

"జీవానికి భాషేందయ్యా? భాష నేర్వనీకె ఏడాది పట్టింది గా పిల్లకే. నాకు ఒక్క ఈల చాలె!"

దారి పొంటి పోయేటోళ్లు నిలవడ్డరు. బల్ల నిండింది. గిదే, గీ జనమే మల్లప్పకు గావాల్సింది. ఇంక ఆగుతడా?

"అరె, జింకలు పక్కకు పెట్టుండ్రి. ఫుజి కొండ ఎవడు చూపెట్టిండనుకున్నరు? పిల్ల పోయిన నాడు కొండ మీద మబ్బు కప్పుకొని ఉన్నది. దేశం దేశమంత కింద నిలవడి, మొకం చూపెట్టు తల్లీ అని బతిమాలుతాంది, మబ్బు కదుల్తలేదు. ఫోను కొండ దిక్కు పట్టు బిడ్డా అన్న. చేతికర్ర పట్టుకొని లేసిన. హే పో... దా అని ఒక్క కేక! మబ్బు ఉలిక్కిపడ్డది. కొండ దిగింది, ఉరికింది, సముద్రం మీద పడ్డది. నేను అదిలిచ్చుడు ఆపలే. చైనా దాటింది, బెంగాల దాటింది, ఏడికి పోవాల్నో తెల్వక నా గొంతు పట్టుకొని సక్కగ గీడికే వచ్చింది. పోయినేడు ఎండకాలంల మన చెరువు అలుగు దుంకింది యాదికున్నదా?"

"దుంకలే గద కాక?"

"నువ్వు ఆటో కిరాయికి పోయుంటవ్, నీకేమెర్క! అది మన వాన గాదు, జపాన్ మబ్బు. జర నాలికె మీద ఏసుకొని చూడుండ్రి, ఇప్పటికీ ఆ నీళ్లు ఉప్పగుంటయి!"

బషీర్ చెయ్యెత్తి సలాం కొట్టిండు. "మాటలు కోటలు దాటుతయంటరు, నీ మాటలు సముద్రాలే దాటె మల్లన్నా!"

అప్పుడు ఎనకకెల్లి ఆడపిల్ల నవ్వు వినవచ్చింది. మల్లప్ప మెడ తిప్పితె పుష్ప. నాటుకోడి కూర వండిన, మామను బువ్వకు తోల్కరా అని లక్ష్మీనర్సమ్మ పంపితె వచ్చి, ఎంతసేపటి సంది నిలవడ్డదో. మల్లప్ప బల్ల మీది ఫోను తీసి జేబుల ఏసుకున్నడు.

నాగేందర్‌కు పండుగే. "మంచిగొచ్చినవ్ చెల్లె! నిజం చెప్పు, మీ మామకు ఫోన్ జేసినవా లేదా?"

"చేసిన అన్నా," అన్నది పుష్ప. "స్టేషన్ల దారి తప్పిన నాడు చేసిన. జింకల కాడికెల్లి చేసిన. కొండ మీద మబ్బు తొలిగినప్పుడు గూడ చేసిన."

నాగేందర్ నోరు తెరిచిండు. మల్లప్పకు పోయిన పానం మళ్లొచ్చింది, మీసం మీదికి చెయ్యి పోయింది. "విన్నరా! నా కోడలు అబద్ధమాడదు!"

"గని ఏం లాభం," అన్నది పుష్ప, "మామ ఒక్కసారి గూడ ఎత్తలే."

హోటలు ఎగిరిపోయేటట్టు నవ్విండ్రు. "ఎత్తకనే మబ్బును తోలినవా కాక!" అని నాగేందర్ బల్ల గుద్దిండు.

"ఛార్జింగ్ లేకుండె బిడ్డా... మంద కాడ సిగ్నలు..."

"ఏం సిగ్నల్ మల్లన్నా, గీ బల్ల మీదనే మోగేది," అన్నడు బషీర్. "పేరు చూసి, మొకం ముడుచుకొని బోర్లేసి పెట్టేటోనివి. ఎవలో కంపెనీవోళ్లు సతాయిస్తున్నరనుకున్న నేను."

పుష్ప నవ్వలేదు. "నా మీద అలిగినవనుకున్న మామా. నాకు ఊర్లు చూసే పిచ్చి పట్టిందే చిన్నప్పుడు నీ ముచ్చట్లు విని. గందుకే ఏ జాగ చూసినా అమ్మకంటె ముందుగాల నీకే చేసిన."

నవ్వులు జర తగ్గినయి. నాగేందర్ నెత్తి గోక్కున్నడు. "అయ్యో కాక! ఎంత పని జేసినవ్! ఫోనెత్తి ఉంటె గా ముచ్చట్లన్ని ఏడాది కిందనే నీ చేతికొచ్చేటియి గద. రైలు, జింకలు, కొండ, అన్ని నీ నోటనే వినేటోళ్లం. పుష్ప వచ్చేసరికి ఆమె కాడ మాకు చెప్పనీకె కొత్త ముచ్చట ఒక్కటన్న మిగిలేదా?"

ఇన్ని దినాలల్ల గా సంగతి మల్లప్పకు తట్టనే లేదు. ఏడాది సంది పుష్ప మీదున్న కుళ్లంత ఇప్పుడు, ఆనాడు ఫోనెత్తి ఉంటె ఉండేటి ఇంకో మల్లప్ప మీదికి తిరిగింది. గీ బల్ల మీదనే, గీ జాగలనే, ఊరందరికన్న ముందు అన్ని ఎర్కయ్యి కూసునేటోడు వాడు.