పదిహేడేళ్ళు ‘పిల్ల’ అనిపించుకున్న బాయిలర్ ఆపరేటరు గారు

1989 జూన్ పన్నెండో తేదీ ఉదయం ఏడు గంటలకు, మన ఆసుపత్రి బట్టలుతికే విభాగపు బాయిలర్ గదిలో ఆపరేటరు గారు విధులలో చేరారు. అప్పుడు వారికి ఇరవై రెండేళ్ళు. సర్టిఫికెట్టు చేతపట్టుకుని గుమ్మంలో నిలబడితే, సూపర్‌వైజరు గారు “ఎవర్రా ఈ పిల్ల, దారి తప్పి వచ్చిందా?” అన్నారు. అందరూ నవ్వారు. ఆ గదిలో బాయిలర్ మంట చూసుకునేవాడు, ఈ నాలుగు ముక్కలు రాస్తున్న పాత ఫైర్‌మన్ కూడా నవ్వాడు.

ఆనాటి నుంచి ఆ గదిలో మగవారు మేస్త్రి గారు, ఫిట్టరు గారు. ఆపరేటరు గారు మాత్రం పిల్ల. పెళ్ళయినా పిల్లే, ఇద్దరు బిడ్డల తల్లయినా పిల్లే, పదోన్నతి పొంది ఫైర్‌మన్‌కు పైఅధికారి అయినా వాడి నోట పిల్లే. ముద్దుగా అంటున్నాను కదా అనుకునేవాడు.

2006లో ఒక మధ్యాహ్నం, నీటిమట్టం చూపే గాజు గొట్టంలో నీళ్ళు సగానికి కనబడుతున్నాయి. ఆపరేటరు గారు రోజూ చేసినట్టే కుళాయి తిప్పి గొట్టం ఖాళీ చేశారు. తిరిగి నిండవలసిన నీళ్ళు రాలేదు. ఇంతసేపూ చూసినవి గొట్టంలో చిక్కుకున్న నీళ్ళే. లోపల బాయిలర్ ఎండిపోయి ఇనుము కాలుతోంది. వెంటనే మంట ఆపేశారు.

“అన్నా, పంపు మాత్రం వెయ్యకు!” అన్నారు, నీళ్ళ పంపు మీట దగ్గరున్న ఫైర్‌మన్‌తో.

“నీళ్ళు లేకపోతే నీళ్ళు పెట్టాలి గాని చూస్తూ కూర్చుంటామా? పిల్ల బెదిరిపోయింది. వెయ్యరా పంపు!” అన్నారు సూపర్‌వైజరు గారు.

“కాలిన ఇనుము మీద నీళ్ళు పడితే గదంతా లేచిపోతుంది సార్. పైన వార్డులో రోగులున్నారు.”

“చాల్లే పాపా, నాకు చెప్పొచ్చావు.”

ఫైర్‌మన్ వేలు మీట మీద ఉంది. పెద్దాయన మాటా, పిల్ల మాటా? ఆ ఒక్క ఆలోచనతో వేలు దిగబోయింది. ఆపరేటరు గారు వచ్చి ఆ చెయ్యి పట్టుకున్నారు. ఆ పట్టు సడలలేదు.

“నాకూ భయంగానే ఉందన్నా. భయమేసే చెబుతున్నా.”

వేలు వెనక్కు వచ్చింది. అందరినీ బయటికి పంపి, వారు ఆఖరున వచ్చారు.

చల్లారాక బాయిలర్ తెరిచి చూస్తే పై వరుస గొట్టాలు వంగిపోయి ఉన్నాయి. పంపు వెయ్యనివ్వనిది ఎవరని తనిఖీ అధికారి అడిగారు.

“మా పిల్లేనండీ” అన్నారు సూపర్‌వైజరు గారు, గర్వంగా.

“నలభయ్యో ఏడు వస్తోంది సార్ నాకు. మిమ్మల్ని ఓ పిల్ల కాపాడిందంటే మీ ఇంట్లో అక్కగారు నమ్ముతారా?”

ఆయన తల దించుకున్నారు. మర్నాటి నుంచి “ఆపరేటరు గారు” అనే పిలిచారు.

ఫైర్‌మన్‌కు మాత్రం నోరు రాలేదు. గారు అనబోతే ఆ మీట కళ్ళముందు మెదిలేది. ఆ వేలు దిగి ఉంటే ఏమయ్యేదోనని సిగ్గేసేది. తాను ఉద్యోగం దిగిపోయే దాకా “ఇదిగో, మిమ్మల్నే” అంటూ నెట్టుకొచ్చాడు.

ముప్పయ్యారేళ్ళ కొలువు ముగించి, ఈ నెలాఖరున ఆపరేటరు గారు ఆ గదిని కొత్త ఆపరేటరుకు అప్పగిస్తున్నారు. ఆవిడకు ఇరవై మూడేళ్ళు. మొన్న మందులకని ఆసుపత్రికి వచ్చినప్పుడు క్యాంటీనులో ఎవరో “కొత్త పాప వచ్చిందట” అని నవ్వుతుంటే ఫైర్‌మన్ చేతిలో టీ ఒలికింది. రేపు ఆవిడ వద్దంటే ఎవరైనా ఆగుతారా? ఆవిడను పాప అనకండి, వద్దంటే ఆగండి బాబూ. ముసలివాడి మాటగా ఇదొక్కటి వినండి.

ఆపరేటరు గారూ, చేతికి వణుకూ నిద్రకు బెదురూ లేకుండా, మనవల పిల్లలను ఎత్తుకునేంత కాలం మీరు చల్లగా, ఆరోగ్యంగా ఉండాలి.